ఆ పక్క పింక్ ఫ్లాయిడ్, ఈ పక్క గీతాంజలి

బావ: నీకిష్టమైన రాక్ ఆల్బమ్ ఏందని ఎవరడిగినా నువ్వు ఆల్బమ్ గురించి ఒక్క ముక్క చెప్పవు. మాచర్ల చెబుతావు, డాబా మీద పడక చెబుతావు, కరెంటు పోయిన రాత్రి చెబుతావు. అది నీ కథ. ఆల్బమ్ సంగతి చెప్పు.

బావమరిది: నా కథ తీసేస్తే ఆ ఆల్బమ్ నాదెట్టా అవుతుంది బావా? 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' 1973 మార్చిలో వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. చేసినవాళ్లు ఇంగ్లండు వాళ్లు. ఆ మాటల్లో సగం నాకు చాలా ఏళ్లు అర్థమే కాలేదు. మరి దానికీ నాకూ చుట్టరికం ఎక్కడ కుదిరింది? అక్క పెళ్లయ్యాక వరంగల్ ఆర్.ఇ.సి. హాస్టల్లో నువ్వు పోగేసిన క్యాసెట్ల అట్టపెట్టె మా ఇంటికొచ్చింది. అక్కడ కుదిరింది. ఆ పెట్టె రాకపోతే పింక్ ఫ్లాయిడ్ అనేది నాకు పేపర్లో చదివి మర్చిపోయే పేరు.

బావ: పెట్టె ఒప్పుకుంటా. ఆ పెట్టెలో ఇంకా శానా ఉన్నాయి గదా. అన్నిటికీ అదే డాబా, అదే వయసు, అదే మాచర్ల ఎండ. మిగతావాటిలో సగం పేర్లు కూడా నీకిప్పుడు గుర్తులేవు. జ్ఞాపకమే కారణమైతే అన్నీ ఒకే మాదిరి నిలవాలి. ఇదొక్కటే నిలిచిందంటే దాని లోపల ఏదో ఉన్నట్టే. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. పాటకూ పాటకూ మధ్య ఆగదు. 'మనీ' పాట ముందు వినపడే చిల్లర చప్పుడు, గల్లాపెట్టె చప్పుడు ఉన్నాయి చూడు, వాటిని టేపు ముక్కలుగా కత్తిరించి, అతికించి, గుండ్రంగా తిప్పి తాళంగా మార్చారు. ఆ తాళం ఏడు. మన మిశ్రచాపు లెక్క. రాక్ పాట అనగానే నాలుగు నాలుగుగా కాలు ఆడించేవాడికి అక్కడ అడుగు తప్పుతుంది. నువ్వు తప్పావు, నేనూ తప్పాను. ఆ తడబాటు పాట చేసినవాళ్లు పెట్టింది. మీ డాబా పెట్టింది కాదు.

బావమరిది: తడబాటు వాళ్లదే, కాదనను. కానీ నువ్వు ఆల్బమ్ ఆల్బమ్ అంటున్నావే, ఏ ఆల్బమ్? నువ్విచ్చింది తొంభై నిమిషాల క్యాసెట్టు. పక్కకు నలభై అయిదు నిమిషాలు. 'డార్క్ సైడ్' మొత్తం నలభై మూడు. అంతా ఒక పక్కనే పట్టింది. రెండో పక్కన నువ్వే 'గీతాంజలి' పాటలు ఎక్కించావు. వాళ్లు ప్లేటు చేసినప్పుడు 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' దగ్గర మొదటి పక్క అయిపోతుంది. లేచి ప్లేటు తిరగేసి, ముల్లు పెట్టి, అప్పుడు 'మనీ' వినాలి. నా క్యాసెట్టులో లేచే పని లేదు. ఆ ఆడమనిషి గొంతు అలా సన్నగిల్లుతూ ఉండగానే చిల్లర రాలుతుంది. మనిషి పోయిన ఇంట్లో కర్మ ఖర్చుల లెక్కలు మొదలైనట్టు ఉండేది నాకు. ఇక ఆ పక్క అయిపోయి తిప్పితే ఇళయరాజా. చావు, కాలం, పిచ్చి గురించిన నలభై మూడు నిమిషాల తర్వాత, చావుకు దగ్గరపడ్డ ఇద్దరు ప్రేమించుకునే సినిమా పాటలు. నా 'డార్క్ సైడ్' అదీ. రెండు పక్కలది.

బావ: ఖాళీ క్యాసెట్టు కొనడానికి డబ్బుల్లేక మిగిలిన చోటులో ఎక్కించాను రా నాయనా. దానికి నువ్వు పురాణం చెబుతున్నావు. 'గీతాంజలి' 1989లో వచ్చింది, హాస్టల్లో అందరి దగ్గరా ఉంది, అందుకని ఎక్కింది. ఆ చోట 'ప్రేమ' పాటలు పట్టి ఉంటే వాటికీ ఇట్టాంటి అర్థమే తీసేవాడివి.

బావమరిది: తీసేవాడినే. నేను చెప్పేదీ అదే గదా.

బావ: మరి ఆ పెట్టెలోని 'అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' ఆల్బమ్ సంగతేంది? అది దాదాపు యాభై నాలుగు నిమిషాలు. నలభై అయిదు నిమిషాల పక్కలో ఇరికిస్తే చివరికి ముందు పాట మొదలవుతుండగానే టేపు అయిపోయింది. ఆఖరి పాట 'రాకెట్ క్వీన్' ఒకటుందని నీకు ఏళ్ల తరబడి తెలియదు. ఆల్బమ్ అక్కడితో తెగుతుందనే అనుకున్నావు, అదే గొప్ప ముగింపు అని నాతో వాదించావు కూడా. అది కూడా నీ జ్ఞాపకమే. దాన్నీ గౌరవించాలా? చివరి అధ్యాయం చిరిగిపోయిన పుస్తకం చదివినవాడు కథ అక్కడే అయిపోయిందని పంతం పట్టగూడదు.

బావమరిది: తెలిశాక 'రాకెట్ క్వీన్' విన్నాను. మంచి పాట. కానీ ఇప్పటికీ అది నాకు చివర తోక తగిలించినట్టే ఉంటుంది, ఏం చేయను? పైగా చిరగని పుస్తకం ఏదో నువ్వు చెప్పు. డైర్ స్ట్రెయిట్స్ వాళ్ల 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' 1985లో వచ్చింది. ప్లేటు మీద చోటు చాలక కొన్ని పాటల్ని కుదించారు. సి.డి.లో, క్యాసెట్టులో అవే పాటలు పొడుగ్గా ఉన్నాయి. ప్లేటు నలభై ఏడు నిమిషాలు, సి.డి. యాభై అయిదు. చేసినవాళ్ల దగ్గరే రెండు ఆల్బమ్‌లున్నాయి. ఎవరిది అసలు?

బావ: రెండూ అసలే. రెండు కోతలూ వాళ్లే చూసుకుని, విని, సరే అనుకుని వదిలారు. నీ కోత టేపు కోసింది. తేడా అక్కడే ఉంది. ఆ ఆల్బమ్ పేరు మాత్రం నా దగ్గర ఎత్తకు.

బావమరిది: ఎందుకు? హాస్టల్లో అది నీ ప్రాణం గదా.

బావ: ప్రాణమే. అందుకే చెబుతున్నా, ఇది నా వాదానికి బలం, నీ వాదానికి కాదు. అది 1997-98, రాష్ట్రమంతా పత్తి దెబ్బతిని రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయిన ఏడు. గురజాల పొలంలో మా నాయనకు తోడుగా సెలవు పెట్టి వచ్చా. లద్దెపురుగు. పగలు కొడితే చావదని పొద్దుగూకాక మందు కొట్టేవాళ్లం. చేతులు ఎంత కడిగినా మోనోక్రోటోఫాస్ వాసన పోయేది కాదు. ఆ చేతుల్తోనే రాత్రి టేప్‌రికార్డర్‌లో ఆ క్యాసెట్టు పెట్టేవాణ్ణి. వేరే ఏదీ వినబుద్ధి కాలేదు. మా నాయన మంచం మీద పడుకుని ఆ గిటారు వినేవాడు, ఏమనేవాడు కాదు. బాకీ ఎంతుందో నాకు చెప్పలేదు. పంట మొత్తం పోయింది. ఆయన బతికాడు, అదృష్టం. పక్క పొలం ఆయన బతకలేదు. ఇప్పుడు ఆ ఆల్బమ్ మొదలైతే నాకు గిటారు వినపడదు, డబ్బా మూత వాసన వస్తుంది. మార్క్ నాఫ్లర్ పిక్ లేకుండా ఉత్త వేళ్లతో తీగ మీటుతాడు. ఆ వేళ్ల మెత్తదనం నేనొకప్పుడు స్పష్టంగా విన్నా. అది పోయింది. జ్ఞాపకం ఆల్బమ్‌కి ఏమిచ్చిందో నువ్వు లెక్కేసుకుంటున్నావు. ఏం లాక్కుందో నాకు తెలుసు.

బావమరిది: ఆ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదు.

బావ: చెప్పి ఏం చేయాలి. ఇప్పుడు చెప్పింది వాదన కోసమే. జాలి పడమని కాదు.

బావమరిది: జాలి పడట్లేదు. వాదనే చేస్తా. ఆ నెలలు నువ్వెందుకు దాన్నే పెట్టావు? పెట్టెలో ఇంకా ఉన్నాయి గదా అని నన్నడిగావే, అదే ప్రశ్న నీకు. ఆ పాటల్లో అలిసిపోయిన సిపాయి ఉన్నాడు, యుద్ధం ఉంది, ఓడిపోతున్నవాళ్లు ఒకరినొకరు వదలకపోవడం ఉంది. నీకూ మామయ్యకూ ఆ రాత్రుళ్లు అవసరమైంది అదే. జ్ఞాపకం వచ్చి ఆల్బమ్‌ని పాడుచేయలేదు బావా. ఆల్బమ్ తన పని తాను చేసింది. ఆ పని బరువుది, అందుకని ఇప్పుడు మోయలేకపోతున్నావు.

బావ: కావచ్చు. కానీ పని అయిపోయాక నాకు పాట తిరిగి రావాలి గదా. రాలేదు.

బావమరిది: దీనికి నా దగ్గర జవాబు లేదు.

బావ: అయితే ఇంకొకటి విను. మనస్తత్వ శాస్త్రం వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు, మనిషికి పదేళ్ల వయసు నుంచి ముప్ఫై దాకా జరిగినవే ఎక్కువగా, గాఢంగా గుర్తుంటాయని. ఆ వయసులో విన్న పాటలూ అంతే. అంటే 'నాకిష్టమైన ఆల్బమ్‌లు' అని నువ్వు రాసే జాబితా నీ పుట్టిన తేదీ ధ్రువపత్రం. నాది చూసి నా వయసు చెప్పొచ్చు, నీది చూసి నీది చెప్పొచ్చు. మా తాత రాయబారం పద్యాల ప్లేట్లు తప్ప మిగతాదంతా గోలన్నాడు. మా నాయన ఘంటసాల తర్వాత పాట లేదన్నాడు. మనం రాక్ అంటున్నాం. రేపు నీ కొడుకు ఇంకేదో అంటాడు. నలుగురూ తమ పద్దెనిమిదేళ్లను పొగుడుకుంటున్నారు. 2011 అక్టోబరులో బెంగళూరులో మెటాలికా కచేరీకి పోయా గదా. రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సింది రద్దయింది, ఇదీ అవుతుందేమోనని భయం. అయితే జరిగింది. నా చుట్టూ పొట్టలొచ్చిన మగాళ్లు 1991 నాటి పాటలకు కళ్లు తుడుచుకుంటున్నారు. వేదిక మీద ఎదురుగా ఆ నలుగురు ఉన్నారు. వాళ్లను చూసేవాళ్లు తక్కువ. ఎవరి హాస్టల్ వాళ్లు చూసుకుంటున్నారు. అట్టా అయితే పాట గురించి ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం ఎట్టా? ఎవడి యవ్వనం వాడు అరవడమే గదా మిగిలేది.

బావమరిది: ఇది గట్టి మాట. దీన్ని పక్కకు నెట్టలేను. ఒక్కటే అడుగుతా. నా మాచర్ల డాబా విన్నాక నీకు 'డార్క్ సైడ్' లో కొత్తగా ఏమన్నా వినపడిందా లేదా? ఆ చిల్లర చప్పుడు కర్మ ఖర్చుల లెక్కలాగుందన్నాను. నిజం చెప్పు.

బావ: ...వినపడింది. ఇక మీదట అట్టాగే వినపడుద్దేమో, అదే నా ఏడుపు.

బావమరిది: అరుపు అయితే ఒకరిది ఇంకొకరికి అంటుకోదు.

బావ: సరే, నీ దారిలోనే వస్తా. జ్ఞాపకమే ముఖ్యమైతే నీకు అన్నిటికన్నా ఇష్టమైనవి శివరాత్రి పాటలు కావాలి. కోటప్పకొండ ప్రభల మీద మైకు సెట్లు. ఒక్కో ప్రభకు ఒక్కో పాట, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, జనరేటర్ల హోరులో ఏది ఏదో తెలియకుండా. చిన్నప్పుడు ఏడాదంతా ఎదురుచూసింది దానికోసమే. ఆ పాటల్లో ఒక్కటీ నీ జాబితాలో లేదే? రాక్ ఎందుకొచ్చింది?

బావమరిది: గొప్పకు.

బావ: ఏందీ?

బావమరిది: గొప్పకే బావా. దాచడమెందుకు. నరసరావుపేటలో కాలేజీకి పోయే రోజుల్లో పింక్ ఫ్లాయిడ్ అని పలికితే బస్టాండులో నలుగురు తిరిగి చూసేవాళ్లు. ఇంగ్లీషు మీడియం వాళ్ల మధ్య నాకొక కుర్చీ దొరికేది. పాట అర్థం కాకపోయినా అర్థమైనట్టు తలాడించాను. ఇప్పుడు డాబా, వెన్నెల అని చెప్పుకుంటున్నా గానీ ఆ తలాడింపు చెప్పడం మానేశా.

బావ: చూశావా. జ్ఞాపకం గడ్డం గీసుకుని, సెంటు కొట్టుకుని వస్తుంది. నమ్మదగ్గ సాక్షి కాదు. పాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే పాట. అది అబద్ధమాడదు.

బావమరిది: పాట మారదంటావా? పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ 'డార్క్ సైడ్' మొత్తాన్ని తన గొంతుతో మళ్లీ రికార్డు చేసి 2023లో, ఎనభై ఏళ్ల వయసులో విడుదల చేశాడు. ఆ గిటారు సోలోలు లేవు. నిదానంగా, ముసలాయన తనలో తాను గొణుక్కున్నట్టు. విన్నప్పుడు ఒళ్లు మండిపోయింది నాకు.

బావ: ఎందుకు మండింది? ఆయన రాసిన మాటలు, ఆయన ఆల్బమ్. ఆయనకూ జ్ఞాపకాలుంటాయి గదా. తన జ్ఞాపకంలో అది అట్టా మారింది, అట్టా పాడాడు. నీ లెక్క ప్రకారం అది పూర్తిగా న్యాయం. నీకు కోపమొచ్చిందంటే, నీ బయట, ఆయన బయట, 1973 నాటి ఆల్బమ్ ఒకటి నిలబడి ఉందని, దాన్ని ముట్టుకోగూడదని నువ్వూ నమ్ముతున్నట్టే.

బావమరిది: దొరికిపోయా. అయినా కోపం ఆ ఆల్బమ్‌ని ముట్టుకున్నందుకో, మా డాబాను ముట్టుకున్నందుకో నాకే తేలడం లేదు.

బావ: తేల్చుకో. నా పక్షమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

బావమరిది: తేల్చుకునే ముందు కారెంపూడి పోదాం. నువ్వు అసలు ఆల్బమ్, చేసినవాళ్ల చేయి అంటున్నావు. పల్నాటి వీరుల కథకు అసలు ఏది? శ్రీనాథుడి పేరున ద్విపద కావ్యం ఉంది, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం అచ్చేయించాడు. కానీ కార్తీక అమావాస్య నుంచి కారెంపూడి వీరుల గుడి దగ్గర అయిదు రోజులు వినపడేది ఆ పుస్తకం కాదు. వీరవిద్యావంతులు పాడతారు. మాలలు. పంబజోడు మోగుతుంటే కత్తి పట్టుకుని పాడతారు. ఒక ఏడు పాడినట్టు ఇంకో ఏడు ఉండదు, ఒకరు పాడినట్టు ఇంకొకరు పాడరు. అక్కడ ఎవడూ 'నాకిష్టమైన ఘట్టం, నా పద్దెనిమిదేళ్లు' అనడు. పూనకం వచ్చినవాడికి వచ్చేది తన యవ్వనం కాదు, పన్నెండో శతాబ్దంలో చచ్చిపోయినవాళ్లు. దాని ముందు నా డాబా ఎంత? చిన్నదే. కానీ నీ 'మారని ఆల్బమ్' కూడా చిన్నదే. అక్కడ జ్ఞాపకం కోసమే పాట పుట్టింది.

బావ: మంచి చోటికే తెచ్చావు. అక్కడే నా మాట కూడా ఉంది. జీన్ రోఘైర్ అనే అమెరికా పండితుడు 1970లలో ఇక్కడికొచ్చి ఆ పాట టేపు మీద ఎక్కించుకుని, ఇంగ్లీషులో పెట్టి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా అచ్చేశాడు. ఆ పుస్తకంలో ఉన్నది 'జానపదం' కాదు. ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథ. పేరు ఉంది. రికార్డు అయింది కాబట్టి ఉంది. లేకపోతే ఆయన ఎక్కడ ఊపిరి నిలిపాడో, ఏ ఘట్టం పెంచాడో, దేన్ని దాటేశాడో అంతా 'ఊరి పాట' అనే మాటలో కలిసిపోయేది. నువ్వు ఇందాక చెప్పిన ఆ ఆడమనిషి గొంతు ఉందే, ఆమె పేరు క్లేర్ టోరీ. మాటల్లేకుండా పాడమన్నారు, పాడింది. ఒక్క పూట పనికి ముప్ఫై పౌన్లిచ్చి పంపారు. ఆ పాట కట్టడంలో తనకు భాగముందని 2004లో కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరి సహకర్తగా పేరు పడింది. ఆమె పాడింది మారకుండా టేపు మీద ఉంది కాబట్టే అడగగలిగింది. అందరి జ్ఞాపకం అన్నప్పుడల్లా చేసినవాడి పేరు మాయమవుతుంది రా. ముఖ్యంగా ఆ చేసినవాడు మాలపేటవాడైనప్పుడు.

బావమరిది: అది నేను ఆలోచించలేదు. నిజమే, మా తాత ప్రతి ఏడూ కారెంపూడి తీసుకుపోయేవాడు, పాడినవాళ్ల పేరు ఒక్కటి కూడా చెప్పలేదు. వీరుల పేర్లన్నీ చెప్పాడు. బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు. పాడేవాళ్ల పేరు అడగాలని నాకూ తోచలేదు.

బావ: అదీ సంగతి.

బావమరిది: అట్టాగని టేపులో ఉన్నదే కథ అంటే ఒప్పుకోను. గాలెయ్య రోఘైర్ టేపు కోసం పాడినప్పుడు ఎదురుగా మైకు. గుడి దగ్గర పాడినప్పుడు ఎదురుగా ఊరు. ఆ తేడా పుస్తకంలోకి రాదు.

బావ: రాదు. గుడి దగ్గర విన్నవాడిలో కూడా ఎంత మిగిలిందో చెప్పు. నువ్వు అన్నేళ్లు విన్నావు గదా, ఒక్క ఘట్టం వరస తప్పకుండా చెప్పగలవా?

బావమరిది: చెప్పలేను. పంబ మోగినప్పుడు మా తాత చేయి నా భుజం మీద బిగుసుకునేది. అది చెప్పగలను.

బావ: ఈ కార్తీకానికి పోదాం. పాడేవాళ్లను ముందే కలిసి, సరేనంటేనే, వాళ్లడిగిన డబ్బిచ్చి, మంచి మైకు పెట్టి రికార్డు చేద్దాం. పేర్లు రాద్దాం.

బావమరిది: సరే. మందపోరు రోజు పోదాం. ఆ రోజు అందరూ కలిసి చాపకూడు తింటారు, మా తాత తీసుకుపోయింది ఎప్పుడూ ఆ రోజే.

బావ: మందపోరు ఒక్కటేంది? రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అయిదు రోజులూ వరసగా రికార్డు చేయాలి. మధ్యలో ఒక రోజు తీసుకుంటే అది నీ 'అపెటైట్' లాగా సగం టేపే.

బావమరిది: అయిదు రోజులు నువ్వుండు బావా, నీ సెలవు, నీ మైకు. నేను మూడో రోజు వస్తా. ఆ రోజు మాత్రం నాకు మైకు వద్దు.